పచ్చ గుమ్మం పద్దు

ప్రశ్న: మాది రేపల్లె. నాకు మూడేళ్ళప్పుడు నాన్న పోయారు. మరుసటేడు, 1988లో, అమ్మ ఇంటి ముందు గదిలో చిల్లర కొట్టు పెట్టింది. 36 ఏళ్ళు నడిపింది. నిరుడు కార్తీకంలో కాలం చేసింది. సంవత్సరీకానికి వచ్చేవాళ్ళకి పంచడానికి అమ్మ గురించి ఒక చిన్న పుస్తకం వేద్దామనుకున్నాం. రాసే పని నా మీద పడింది. కూర్చుంటే ‘త్యాగమూర్తి’, ‘అన్నపూర్ణ’, ‘కష్టజీవి’ తప్ప ఇంకేం రావడం లేదు. అవి ఏ అమ్మకైనా అతుకుతాయి.

ఇంకో చిక్కు. కొట్టులో అరువు పుస్తకాలు 19 దొరికాయి. చాలా వాటిమీద ఏ సంవత్సరమో కూడా లేదు. ఆఖరి రెండింట్లో కలిపి 83 వేల చిల్లర రావాల్సి ఉంది. అన్నయ్య వసూలు చేద్దామంటాడు, వదిన వదిలేద్దామంటుంది. కొన్ని పద్దుల పక్కన ‘వద్దు’ అని ఉంది. వాళ్ళకిక అరువు ఇవ్వొద్దని రాసుకుందని అన్నయ్య అంటున్నాడు.

మూడోది ఎవరికీ చెప్పలేదు. నాకు అమ్మ మీద కోపం ఉంది. 1999లో నా పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు, స్కూల్లో రెండోదాన్నొచ్చానని పరిగెత్తుకొస్తే ‘సర్లే, లోపలికెళ్ళి శనగపిండి పొట్లాలు కట్టు’ అంది. ఇది పుస్తకంలో రాయొచ్చా? రెండు పేజీల ఫొటోలు, కొట్టు ముందు అమ్మ నిలబడ్డ ఫొటో ఒకటి పంపుతున్నాను.
– ఒక కూతురు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదవడం ఒక్క పూటలో అయిపోయింది. ఫొటోలు మాత్రం నాలుగు రోజుల్నుంచి చూస్తూనే ఉన్నాను, భూతద్దం పెట్టుకుని మరీ. ఇంట్లో 19 పుస్తకాలు పెట్టుకుని మాటల కోసం వెతుక్కుంటున్నారు మీరు. మీ అమ్మగారు రాయాల్సింది రాసే వెళ్ళారు. ముందు అవి చదవండి, తర్వాత కలం పట్టుకోవచ్చు.

ఎలా చదవాలో మీరు పంపిన పేజీతోనే చెప్తాను. పైన ‘శ్రీరామ’ అని ఉంది. దాని కింద ‘17 సోమ’. నెల లేదు, సంవత్సరం లేదు. రాసుకున్న మనిషికి తెలుసు కదా, ఇంకెవరి కోసం రాయాలి? కానీ తేల్చొచ్చు. మూడో వరసలో ‘అ.పె 1 – 1-00’ అని ఉంది, అగ్గిపెట్టె. అర్ధరూపాయికొచ్చే అగ్గిపెట్టె 2007లో రూపాయి అయింది. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు కదల్లేదు, 2021 డిసెంబరులో రెండు రూపాయలు చేశారు. పేజీ అడుగున గల్లా లెక్కలో ‘పావలాలు 12’ అని ఉంది. ఎవరూ తీసుకోక పెట్టెలో మూలుగుతున్నవి అయ్యుంటాయి. పావలా బిళ్ళ 2011 జూన్ 30తో అధికారికంగానే చెల్లకుండా పోయింది. అంటే ఈ పేజీ 2007కీ 2011కీ మధ్యది.

ఇప్పుడు సరుకు చూడండి. ఆవపిండి కిలో, మెంతులు, రాళ్ళుప్పు, నువ్వుల నూనె రెండు కిలోలు. ఒకరికి కాదు, నలుగురి పద్దుల్లో ఇదే వరస. ఆవకాయ రోజులు. ఆ ఏళ్ళలో ఏప్రిల్, మే, జూన్ నెలలు వెతికితే 17వ తేదీ సోమవారం పడింది ఒక్కసారే, 2010 మేలో. ఇంకా అనుమానముంటే కిందికి రండి: ‘20 గురు. గాలివాన. కట్టేశా.’ అది లైలా తుపాను. బాపట్ల దగ్గర తీరం దాటింది 2010 మే 20న, గురువారం నాడే. మర్నాడు ఇలా ఉంది: ‘21 శుక్ర. కరెంటు లేదు. కొ.వ 31.’

కొ.వ అంటే కొవ్వొత్తులు. ఒక్క రోజులో ముప్పై ఒకటి.

‘తుపాను సమయంలోనూ ఊరివారికి అండగా నిలిచిన మహిళ’ అని మీరు రాస్తే సంవత్సరీకానికొచ్చినవాళ్ళు తలూపి, పుస్తకం సంచిలో పెట్టుకుని భోజనానికి లేస్తారు. ‘గాలివాన వెలిసిన మర్నాడు 31 కొవ్వొత్తులు అమ్మింది, అందులో 19 అరువు’ అని రాయండి (19 నేను లెక్కపెట్టాను, మీరూ ఒకసారి చూడండి). ఆ వీధిలో పెరిగినవాడు ఒక్కసారిగా ‘అందులో రెండు మా ఇంటివి’ అంటాడు. మీ పుస్తకానికి అంతకన్నా ఏం కావాలి?

మిగతా పుస్తకాలకు కూడా ఇలాగే ఏళ్ళు పట్టుకోవచ్చు. కృష్ణా పుష్కరాలు 1992లో, 2004లో, 2016లో వచ్చాయి. మీ ఊరికి పెనుమూడి రేవు ఎంత దూరం? ఆ పన్నెండు రోజులూ కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ, కర్పూరం విపరీతంగా పోయి ఉంటాయి, పుస్తకంలో కనపడి తీరుతుంది. 1990 మే తుపానుకు కూడా ఒక పేజీ ఉండాలి, అప్పటికి కొట్టుకు రెండేళ్ళే. 2020 మార్చి తర్వాత మాస్కులు, శానిటైజర్లు వస్తాయి. మొత్తం 19 పుస్తకాల్లో ‘కట్టేశా’ అన్న మాట ఎన్నిసార్లుందో కూడా లెక్కపెట్టండి. ఆ రోజుల జాబితా ఒక్కటి చాలు, ఒక అధ్యాయం అవుతుంది. దేనికి కొట్టు కట్టేసిందో, దేనికి కట్టేయలేదో చూస్తే మనిషి తెలుస్తుంది. మీ కోపం సంగతీ అక్కడే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక ‘వద్దు’.

మీ అమ్మగారి పుస్తకంలో పద్దు తీరే పద్ధతి మూడు రకాలుగా ఉంది. డబ్బు వస్తే అడ్డంగా ఒక గీత, పక్కన ‘ము’. ముట్టింది అని. పాత కోమటి పద్దుల్లోని మాట అది, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కనుక్కోండి. డబ్బు రాకపోతే గీత లేకుండా అలాగే ఉంది. మూడో రకానికి గీత లేదు, ‘ము’ లేదు, పక్కన సున్నా చుట్టి ‘వద్దు’. మొదటి ఫొటోలో అలాంటిది ఒకటే, ‘పచ్చ గుమ్మం’ అన్న పద్దు, బాకీ 412. మనుషుల పేర్లకు బదులు ఇళ్ళ గుర్తులు రాసుకునేవారన్నమాట. పచ్చ గుమ్మం, రేవు కోడలు, పాలాయన, మెట్లామె.

మీ అన్నయ్య చెప్పినట్టు అది ‘ఇక అరువు వద్దు’ అనుకుందాం. 17వ తేదీ పద్దు పక్కన ‘వద్దు’ పడింది. మరి అదే పేజీలో నాలుగు రోజుల తర్వాత, 21న, ‘పచ్చ గుమ్మం – కొ.వ 2, పా.పొ 1’ అని ఎందుకుంది? కొవ్వొత్తులు రెండు, పాలపొడి ఒకటి. అరువే. ఇవ్వొద్దనుకున్న మనిషికి నాలుగో రోజున పాలపొడి ఇచ్చిందా? రెండో ఫొటో ఆరేళ్ళ తర్వాతది, అందులోనూ పచ్చ గుమ్మం ఉంది, బియ్యం అయిదు కిలోలు.

నాకు తోచిందేమిటంటే ఆ ‘వద్దు’ ఇవ్వడం గురించి కాదు, అడగడం గురించి. ఈ బాకీ అడగొద్దు అని తనకు తాను రాసుకున్నది. ఆ ‘వద్దు’ 17వ తేదీనే రాశారో, పాత 412 మీద తర్వాతెప్పుడో రాశారో ఫొటోలో తెలియడం లేదు. సిరా రంగు ఒకలాగే ఉంది. నెల చూడండి, మే. డెల్టాలో కూలి చేసుకునే ఇంటికి అంతకన్నా పొడి నెల లేదు. వరి కోతలు సంక్రాంతికే అయిపోతాయి, మినుములు, పెసలు మార్చి దాటాక ఉండవు, కాలువలు కట్టేసి ఉంటాయి, మళ్ళీ నాట్లకు జూలై రావాలి. నిజాంపట్నం వైపు సముద్రం మీద బతికేవాళ్ళకు ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం. మీ అమ్మగారికి ఈ క్యాలెండరు చేతి గీతల్లా తెలుసు. ఆ పేజీలో ‘వద్దు’ అని ఒక్కరికే పెట్టారంటే, మిగతావాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు ఇస్తారని లెక్కేసుకునే పెట్టి ఉంటారు. దయగలావిడ అనడానికి ఇది చెప్పడం లేదు. లెక్క తెలిసినావిడ. ఎవరికి ఎంత దాకా వదులుకోవచ్చో తెలియకుండా 36 ఏళ్ళు చిల్లర కొట్టు నిలబడదు.

నేను తప్పు చదివి ఉండొచ్చు. 19 పుస్తకాలూ మీ చేతిలో ఉన్నాయి, అన్ని ‘వద్దు’లూ తీసి చూడండి. ‘వద్దు’ తర్వాత కూడా సరుకు వెళ్ళిన పద్దులెన్ని, ఆగిపోయినవెన్ని? ఆగిపోయినవే ఎక్కువుంటే మీ అన్నయ్య మాటే నిజం, నా మాట కొట్టేయండి.

రెండో ఫొటో గురించి ఒక్క ముక్క. ‘9 బుధ. పెద్ద నోట్లు చెల్లవంట. తీసుకోలా.’ 2016 నవంబరు 9. ముందు రాత్రే నోట్ల రద్దు ప్రకటించారు. ఆ మాట కింద పదకొండు అరువు పద్దులున్నాయి, మామూలు రోజుల్లో ఆమెకు నాలుగైదుకు మించి ఉండవు. నోటు తీసుకోలేదు, సరుకు ఇచ్చి పంపింది. బ్యాంకుల ముందు జనం నిలబడ్డ ఆ వారాలు మీ ఊళ్ళో ఎలా గడిచాయో రాయడానికి ఈ పేజీ పక్కన పెట్టుకోండి, పత్రికలు తిరగేయక్కర్లేదు.

83 వేల సంగతి. వసూలు గురించి అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకునే ముందు, అమ్మ ఎవరికి బాకీ ఉందో చూశారా? మీ ఉత్తరంలో ఆ ఊసు లేదు. తెనాలిలోనో గుంటూరులోనో హోల్‌సేలు షాపు ఉంటుంది, బిస్కెట్ల వ్యాను, నూనె డబ్బాల ఏజెంటు, వీధిలో చీటీ. చిల్లర కొట్టు ఎప్పుడూ ఒక చేత్తో అరువు తెచ్చి రెండో చేత్తో అరువు ఇస్తుంది. ఆ బాకీలు ముందు తీర్చండి. గల్లా పెట్టె అడుగునా, బీరువాలో ముడుపులు కట్టిన గుడ్డల్లోనూ చూడండి. ఎవరివో వెండి పట్టీలు, ఇత్తడి బిందె, ఒక ముక్కుపుడక కుదువ ఉంటాయి. మా వైపు కొట్లలో ఉండేవి, మీ ఇంట్లో ఉండవని చెప్పలేను. వాటిని ఎవరివో కనుక్కుని, బాకీ లెక్క చూడకుండా ఇచ్చేయండి. ముక్కుపుడక మీద తగువు పడితే 36 ఏళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది.

తర్వాత ఆ రెండు పుస్తకాల్లో ‘వద్దు’లు తీసేయండి. అమ్మ తీర్పు చెప్పేసిన చోట మీరు మళ్ళీ పంచాయితీ పెట్టకూడదు. మిగిలింది ఎంతో అప్పుడు తేలుతుంది, 83 ఉండదు. అన్నయ్యకు కోర్టు ఆలోచన ఉంటే చెప్పండి: అరువు సరుకు బాకీకి దావా వేయడానికి గడువు మూడేళ్ళు, మధ్యలో కొంత కట్టి ఆ సంగతి రాసి సంతకం పెట్టినా, బాకీ ఉన్నానని రాసిచ్చినా గడువు మళ్ళీ మొదలవుతుంది. అయినా మన పుస్తకంలో మనం రాసుకున్న పద్దు ఒక్కటే కోర్టులో సరిపోదు, వేరే సాక్ష్యం చూపాలి. ‘మెట్లామె – 640’ అన్న పద్దు పట్టుకుని ఏ మెట్లని వెతుకుతారు?

అలాగని వదిన చెప్పినట్టు మొత్తం మాఫీ అని చాటించకండి. అరువు తీర్చడం కొందరికి పరువు. అమ్మ పోయిందని తెలిసి డబ్బు చేత్తో పట్టుకుని వచ్చేవాళ్ళు ఉంటారు. చచ్చిపోయినవాళ్ళ రుణం ఉంచుకోకూడదని నమ్మే ఊళ్ళు మనవి. వాళ్ళను ‘వద్దులెండి’ అని వెనక్కి పంపితే వాళ్ళకు బరువు మిగులుతుంది. తీసుకోండి. తీసుకుని అదే పుస్తకంలో, అదే వరసలో గీత కొట్టి, పక్కన ‘ము’ అని మీ చేత్తో రాయండి. ఇళ్ళ చుట్టూ మాత్రం పుస్తకం పట్టుకుని తిరగొద్దని అన్నయ్యకు గట్టిగా చెప్పండి. సంవత్సరీకం భోజనాల దగ్గర ఆ మాట ఎత్తనే కూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో కూడా చెప్పాలి. మా అమ్మది చీరాలలో గాజుల కొట్టు. గాజులు, రిబ్బన్లు, తిలకం సీసాలు, పిన్నులు. చెయ్యి చూడగానే ‘రెండారు’, ‘రెండెనిమిది’ అని సైజు చెప్పేసేది, తీసి తొడిగితే సరిగ్గా పట్టేది. ఆమె పోయాక కొట్టు ఖాళీ చేసే హడావుడిలో అరువు పుస్తకాలన్నీ పాత పేపర్లాయనకు వేశాను. నేనే వేశాను, ఇంకెవరూ కాదు. కాటా మీద ఆరు కిలోల చిల్లర తూగాయి. ఆ డబ్బుతో సామాను దింపిన రిక్షా అతనికి టీ తాగించాను, అదీ గుర్తుంది. ఏడాది తర్వాత ఆమె గురించి నాలుగు ముక్కలు రాయాల్సొస్తే మీకు వచ్చిన ‘త్యాగమూర్తే’ నాకూ వచ్చింది. పంచాంగంలో మడత పెట్టిన ఒకే ఒక్క కాగితం మిగిలింది. అందులో ఒక పెళ్ళి పద్దు ఉంది, ఎర్ర గాజులు, పచ్చ గాజులు, పన్నెండు డజన్లు, ‘పెళ్ళి ఆగింది, తిరిగి తెచ్చారు, 3 చిట్లాయి, పోనీ’ అని. ఆ ‘పోనీ’ తప్ప మా అమ్మ గొంతు ఇంక ఎక్కడా లేదు.

గొంతు అన్నాను కాబట్టి, కొట్టు మాటలు కూడా పోగు చేయండి. అవి ఇంటి మాటల కన్నా త్వరగా పోతాయి. సరుకు అయిపోతే కొట్టులో ఎవరూ ‘లేదు’ అనరు, ‘నిండుకుంది’ అంటారు. కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అని మొదలుపెట్టి ‘రెండు’లోకి వెళ్తారు. దీపాలు పెట్టాక ఉప్పును ఉప్పు అనరు, ‘బుట్టలోది’. పొద్దున బోణీ కాకుండా అరువు అడిగినవాడికి మీ అమ్మ ఏమనేది? ‘నేడు నగదు, రేపు అరువు’ అన్న అట్టముక్క గోడకుందా? ఉంటే దాని కిందే నిలబడి 19 పుస్తకాల అరువు ఇచ్చిందని రాయండి, నవ్వొస్తుంది, రానివ్వండి. తూకం సరిపోయాక పైన వేసే కొసరు ఎంత? అందరికీ వేసేదా, పిల్లల చేతికి బఠాణీలు పెట్టేదా? ‘నగదుకు సరే, అరువుకు కూడా కొసరా’ అని అడిగితే ఏమనేదో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఇవి మీకు అన్నీ గుర్తుండవు, మీరు లోపలి గదిలో చదువుకుంటున్నారు. అడగండి. కానీ ‘మా అమ్మ ఎలాంటిది?’ అని అడగొద్దు. అలా అడిగితే దేవతండీ అంటారు, అక్కడితో అయిపోతుంది. ‘మీకు మా కొట్లో ఏ పేరు మీద రాసేది?’ అని అడగండి. ‘అమ్మ మీకెప్పుడైనా సరుకు ఇవ్వనందా?’ అని అడగండి. మూటలు దింపిన ఆటో అతన్ని, హోల్‌సేలు గుమాస్తాను, ఎదురు కొట్టు వాళ్ళను వదలొద్దు. ఎదురు కొట్టు వాళ్ళను ముఖ్యంగా. మనతో పోటీ పడ్డవాళ్ళు చూసినంత దగ్గరగా మనల్ని చుట్టాలు చూడరు.

పేర్ల విషయంలో జాగ్రత్త. అరువు పుస్తకంలోని ఏ ఇంటి గుర్తూ, ఏ బాకీ అంకే అచ్చులో రాకూడదు. పచ్చ గుమ్మం అంటే హైదరాబాదులో ఎవరికీ తెలియదు, మీ వీధిలో అందరికీ తెలుసు. ఈ జవాబులో ఉన్న గుర్తులు కూడా నేను మార్చి రాశాను, గుమ్మం రంగుతో సహా. ఏది ఎవరిదో పేజీ చూస్తే మీకు తెలుస్తుంది. పేజీ ఫొటో వేయాలనుకుంటే ఎడమ వైపు గుర్తుల వరస మీద తెల్ల కాగితం అడ్డం పెట్టి తీయండి. సరుకులూ ధరలూ కనపడితే చాలు.

ఆ మూడో ఫొటో. కొట్టు ముందు మీ అమ్మగారు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, చేతిలో పురికొస ఉండ. ఫొటో తీస్తున్నా చెయ్యి పని ఆపలేదు. నెత్తిమీద రేకు బోర్డు: కిరాణా అండ్ జనరల్ స్టోర్సు అన్న పెద్ద అక్షరాల కింద, మూలన, ‘ప్రో:’ (ప్రొప్రైటర్, అంటే యజమాని) అని మీ నాన్నగారి పేరు. ఆయన పోయాక కదా కొట్టు పెట్టింది! ఒక్క రోజు కూడా ఆ కొట్లో కూర్చోని మనిషి పేరు 36 ఏళ్ళు బోర్డు మీద ఉంది. 1988లో ఒక విధవరాలు తన పేరుతో బోర్డు కట్టుకుంటే ఊరు ఏమనేదో, హోల్‌సేలు వాళ్ళు అరువు ఇచ్చేవాళ్ళో కాదో, ఆవిడ లెక్కేసుకునే ఉంటారు. అది మీ అన్నయ్యకు గుర్తుండాలి, అడగండి. మున్సిపాలిటీ లైసెన్సు, కరెంటు బిల్లు, తూనికలు కొలతల వాళ్ళు రాళ్ళకు ముద్ర వేసి ఇచ్చిన కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయో కూడా చూడండి. ఫ్లెక్సీ మీద ‘ఫలానా వారి ధర్మపత్ని’ అని వేయిస్తామంటే వేయించుకోనివ్వండి, దాని కోసం తగువెందుకు. మీ పుస్తకం మొదటి పేజీలో మాత్రం కొట్టు పేరు పెద్దగా వేసి, కింద మూలన ‘ప్రో:’ అని మీ అమ్మగారి పేరు వేయండి. బోర్డు మీద ఉన్నంత సైజులోనే.

ఇప్పుడు శనగపిండి పొట్లాలు. రాయండి. రాయకపోతే మిగతాదంతా ఎవరూ నమ్మరు, ముందు మీరే నమ్మరు. కానీ ఉత్తరంలో రాసినట్టు ఒక్క వాక్యంలో తేల్చేయకండి. పరిగెత్తుకొచ్చినప్పుడు కొట్టు ముందు ఎవరున్నారు? ఆమె చేతిలో ఏముంది? మీరు లోపలికెళ్ళి పొట్లాలు కట్టారా, కట్టకుండా గోడకానుకుని ఏడ్చారా? కడితే ఎన్ని కట్టారు, పావు కిలోవా, వంద గ్రాములవా? పాత పేపరు చించి, పొట్లం మడిచి, పురికొస రెండు చుట్లు తిప్పి తెంపడం మీకు ఎవరు నేర్పారు?

1999 పుస్తకం తీసి ఆ రోజు పేజీ చూడండి. ఏమీ దొరక్కపోవచ్చు. కందిపప్పు, చింతపండు, కిరోసిను ఉంటాయి. చుట్టుపక్కల ఇళ్ళలో ఆ రోజు ఎందరికి పిప్పరమెంట్లు, లడ్డూలకు శనగపిండి వెళ్ళాయో ఉండొచ్చు. ఫలితాల రోజు కదా, శనగపిండి గిరాకీ అందుకేనేమో. వేరేవాళ్ళ పిల్లలు పాసైనందుకు మీరు పొట్లాలు కట్టి ఉండొచ్చు. అదే అయితే నవ్వాలో ఏడవాలో నాకు తెలియడం లేదు.

ఒక్క పని మాత్రం చేయకండి. ‘అమ్మకు నా మీద ప్రేమ లేక కాదు, పైకి చెప్పలేకపోయింది’ అన్న వాక్యంతో ఆ కోపాన్ని సర్దేయకండి. ఆ సంగతి మీకు తెలియదు, నాకూ తెలియదు. అగ్గిపెట్టె మీద పైసలు మిగిలే బేరంలో, ఒక గంట తలుపు వేస్తే ఆ గంటలో వచ్చినవాడు ఎదురు కొట్టుకు వెళ్ళి అక్కడే ఖాతా తెరుస్తాడన్నది నిజం. మీకు పదిహేనేళ్ళు, ఆ రోజు ఒక్కసారి తలుపు వేసి ఉండాల్సిందన్నదీ నిజం. రెండూ పక్కపక్కన రాసి వదిలేయండి. చదివేవాళ్ళలో కొట్లు పెట్టుకున్న తల్లుల పిల్లలు ఉంటారు, వాళ్ళకు అర్థమవుతుంది.

పుస్తకాలను ప్లాస్టిక్ కవర్లలో పెట్టి మూయకండి, మీ ఊరి తేమకు బూజు పడుతుంది. పాత నూలు చీర ఏదైనా ఉంటే అందులో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, గోడకు ఆనకుండా ఎత్తున ఉంచండి. చినిగిన చోట టేపు వేయొద్దు. ప్రతి పేజీ పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడని చోట, ఫోన్‌తో ఫొటో తీయండి. పందొమ్మిదీ తీయడానికి మీకు రెండు ఆదివారాలు పడుతుంది. పిల్లల్ని పిలిస్తే ఒకటి.

సంవత్సరీకానికి ముందు రేపల్లె వెళ్తారు కదా. పచ్చ గుమ్మం ఇల్లు ఇంకా ఉంటే, వాళ్ళకు పుస్తకం ఒక కాపీ మీ చేత్తో ఇచ్చి రండి. బాకీ ఊసెత్తకండి. 2016 పుష్కరాలకు కొన్ని ఇళ్ళు రంగులు వేయించుకునే ఉంటాయి. గుమ్మం ఇప్పుడు ఏ రంగులో ఉందో చూసి, వీలైతే నాకో ముక్క రాయండి.